హస్సీ, వెంచ్, ష్రూ, స్కోల్డ్: పుట్టినప్పుడు ఇవి తిట్లు కావు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాత ఇంగ్లీషు నాటకం ఒకటి తెలుగు చేస్తున్నారు. అందులో ఆడవాళ్లని ఉద్దేశించి హస్సీ, వెంచ్, హార్లట్, ష్రూ, స్కోల్డ్, టర్మగెంట్ లాంటి మాటలు పేజీకి రెండు మూడు తగులుతున్నాయి. నిఘంటువు తీస్తే సగం మాటలకి 'చెడ్డ స్త్రీ' అని, మిగతా సగానికి 'గయ్యాళి' అని ఉంది. అసలు వీటి మధ్య తేడా ఏమిటి, ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి, తెలుగులో ఏం రాయాలి అని.

ముప్ఫై ఏళ్లకు పైగా డిగ్రీ, పీజీ పిల్లలకి ఇంగ్లీషు భాషా చరిత్ర చెప్పాను. అందులో నాకు బాగా ఇష్టమైన పాఠం ఇదే, చెప్పిన ప్రతిసారీ మనసు చివుక్కుమనిపించేదీ ఇదే. ఎందుకంటే మీరు రాసిన మాటల్లో ఏదీ ఆడవాళ్లని తిట్టడానికి పుట్టలేదు. కొన్ని ఇంటిపనికి, వయసుకి పేర్లు. కొన్ని మగవాళ్లకి పెట్టిన పేర్లు. అన్నీ కాలక్రమంలో ఒకే వైపుకి జారాయి.

తెలుగు భాషాశాస్త్రం చదివినవాళ్లకి ఈ జారుడు తెలుసు. అర్థ సంకోచం, అర్థ గ్రామ్యత అని పోటీ పరీక్షలకి కూడా చదువుతారు. చీర అంటే ఒకప్పుడు ఎవరు కట్టుకునే బట్టయినా చీరే, ఇప్పుడు ఆడవాళ్లది మాత్రమే. అది సంకోచం. కంపు అంటే ఒకప్పుడు వాసన, ఇప్పుడు దుర్వాసన. అది గ్రామ్యత. ఇంగ్లీషులో ఆడవాళ్ల మీద పడిన మాటలకి చాలావరకు ఈ రెండూ జరిగాయి. ముందు మాట ఆడవాళ్లకే పరిమితమైంది, తర్వాత చెడ్డదైంది. 1975లో మ్యూరియల్ షుల్జ్ అనే అమెరికన్ భాషావేత్త సరిగ్గా ఈ విషయం మీద ఒక వ్యాసం రాశారు. ఆ తర్వాత ఈ మాటల చరిత్ర చెప్పేవాళ్లెవరూ ఆ వ్యాసాన్ని తలవకుండా ముందుకి వెళ్లరు.

హస్సీతో మొదలుపెడతాను. క్లాసులో బోర్డు మీద 'హౌస్‌వైఫ్' అని రాసి, వేగంగా పదిసార్లు పలకమనేవాణ్ణి. మధ్యలో అక్షరాలు నలిగిపోయి 'హజిఫ్', 'హజీ' దగ్గర తేలుతారు. హస్సీ అంటే అదే. మధ్యయుగపు ఇంగ్లీషులో హూస్‌విఫ్, అంటే ఇల్లాలు. పదహారో శతాబ్దంలో హస్సీ అంటే ఇంకా ఇల్లాలే. పదిహేడో శతాబ్దం సగానికి వచ్చేసరికి సిగ్గూ శరమూ లేని ఆడమనిషి అయింది. మాట అలా చెడిపోయాక, మర్యాదస్తులైన ఇల్లాళ్లని పిలవడానికి హౌస్, వైఫ్ రెండు ముక్కలనీ మళ్లీ విడివిడిగా స్పష్టంగా పలకడం మొదలుపెట్టారు. ఒకే మాట రెండుగా చీలింది, మంచి ఇల్లాలు ఒకటి, చెడ్డ ఆడది ఒకటి.

పాత ఉచ్చారణ మాత్రం ఒక చోట మర్యాదగానే బతికింది. సూదులు, దారాలు, గుండీలు పెట్టుకునే చిన్న బట్ట సంచి ఉండేది. పొడవాటి గుడ్డకి అరలు కుట్టి, చాపలా చుట్టి, రిబ్బన్‌తో కట్టేవారు. దాని పేరు కూడా హౌస్‌వైఫే, పలికేది 'హజిఫ్' అని. బ్రిటిష్ సిపాయిలు రెండో ప్రపంచ యుద్ధంలో కూడా తమ సామానులో దాన్ని మోసుకెళ్లారు.

వెంచ్ అనేది పాత ఇంగ్లీషులో 'వెంచెల్', అంటే పిల్ల లేదా పిల్లవాడు. ఆడా మగా తేడా లేదు. తర్వాత ఆడపిల్ల అయింది, తర్వాత పనిపిల్ల, తర్వాత చెడు నడత గలది. మధ్యలో ఆ 'పనిపిల్ల' మెట్టుని గమనించండి. ఈ తిట్లలో చాలావాటికి ఆ మెట్టు ఉంది. స్లట్ అనే మాట చూడండి. ఈ రోజు అది చాలా క్రూరమైన తిట్టు. పదిహేనో శతాబ్దంలో మాత్రం దానర్థం ఇల్లు శుభ్రంగా ఉంచని మనిషి. దాని విశేషణ రూపాన్ని అంతకుముందే ఇంగ్లీషు కవి చాసర్ మాసిన బట్టల మగవాడి మీద కూడా వాడాడు. మంచాల కింద పేరుకునే దుమ్ము ఉండల్ని 'స్లట్స్ వూల్' అనేవారు, అంటే సోమరి పనిమనిషి ఉన్ని అన్నమాట. 1664లో శామ్యూల్ పీప్స్ తన డైరీలో ఇంట్లో పనిచేసే సూసన్ అనే చిన్నపిల్ల గురించి 'మెచ్చుకోదగ్గ స్లట్' అని రాసుకున్నాడు. పని బాగా చేస్తోందని ముచ్చటపడి రాసిన మాట అది. యజమాని నోట్లో ముద్దుగా ఆడిన మాటే తర్వాత ఆ పిల్లల శీలం మీద ముద్ర అయింది. కూటికోసం పరాయి ఇళ్లలో పనిచేసే ఆడపిల్లల మీదే ఈ మాటలు ముందు పడ్డాయి. వాళ్ల తరఫున అడిగే నాథుడు లేడు కదా.

క్వీన్ అనే ఉచ్చారణతో ఇంగ్లీషులో రెండు మాటలున్నాయి, స్పెల్లింగ్ వేరు. రెండూ ఒకే కుదురువి. మూలార్థం స్త్రీ. వేదసంస్కృతంలో స్త్రీని చెప్పే 'జని' కూడా ఆ కుటుంబంలోదే. ఒకటి సింహాసనం ఎక్కి రాణి అయింది, రెండోది వీధిలో పడి కులట అయింది. మనకి దీని జోడు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. స్వామిని అనే మాట నుంచి సాని వచ్చింది. దొరసానిలో అది గౌరవం, మంత్రసానిలో వృత్తి, ఒంటరిగా 'సాని' అంటే తిట్టు. ఇంకా బాధాకరమైనది 'ముండ'. ముండనం అంటే గుండు. మొగుడు పోయినందుకు తల గొరిగించిన స్త్రీకి ఆ పేరు పెట్టి, ఆ పేరునే తిట్టు చేశాం. ఇంగ్లీషువాళ్ల సంగతి చెప్పుకుంటూ ఇది వదిలేస్తే నిజాయితీ అనిపించుకోదు.

హార్లట్ చూస్తే ఆశ్చర్యపోతారు. పాత ఫ్రెంచిలో ఆ మాటకి తిరుగుబోతు, దేశదిమ్మరి అని అర్థం. మగవాడే. చాసర్ పద్నాలుగో శతాబ్దం చివర్లో, చర్చి కోర్టుకి జనాన్ని పిలిచే ఒక బంట్రోతుని వర్ణిస్తూ అతను మంచి హార్లట్ అని, దయగలవాడని అంటాడు. లంచంగా కాస్త వైన్ పోస్తే ఎవడైనా ఉంపుడుగత్తెని ఏడాదిపాటు ఉంచుకున్నా చూసీచూడనట్టు పోయే మనిషి అతను. అక్కడ ఆ మాటని 'ఘటికుడు' అని తెలుగు చెయ్యొచ్చు. పదిహేనో శతాబ్దంలో ఆ మాట ఆడవాళ్ల వైపు తిరిగింది. పదహారో శతాబ్దపు బైబిల్ అనువాదాలు వేశ్య అని చెప్పాల్సిన చోట కాస్త మెత్తగా ఉంటుందని హార్లట్ వాడడంతో అక్కడే బిగుసుకుపోయింది.

స్పిన్‌స్టర్ అంటే నూలు వడికే స్త్రీ. చివరి 'స్టర్' పాత ఇంగ్లీషులో ఆడవాళ్ల పనిపేర్లకి చేర్చే ప్రత్యయం. నేసేది వెబ్‌స్టర్, బీరు కాచేది బ్రూస్టర్. పదిహేడో శతాబ్దంలో స్పిన్‌స్టర్ అనేది చట్టపత్రాల్లో పెళ్లికాని స్త్రీకి గుర్తు అయింది, ఆ తర్వాత జాలికీ వెక్కిరింతకీ పేరు అయింది. ఇంగ్లండు, వేల్స్ వివాహ రిజిస్టర్లలో 2005 డిసెంబరు దాకా ఆ మాట ఉంది. ఇప్పుడు ఆడకీ మగకీ 'సింగిల్' అనే రాస్తున్నారు.

ఇక మీ నాటకానికి బాగా అవసరమైన రెండు మాటలు, ష్రూ, స్కోల్డ్. రెంటికీ గయ్యాళి అని రాస్తే పని అయిపోతుంది. కానీ వీటి వెనక ఉన్నది తెలిస్తే మీరు రాసే గయ్యాళికి బరువు వస్తుంది.

ష్రూ అంటే జంతువు. మన చుంచెలుక జాతే, అక్కడిది ఇంకా చిన్నది. దాని కాటు విషమని, అది పశువు ఒంటి మీదుగా పాకితే ఆ పశువు కాళ్లు పడిపోతాయని ఇంగ్లండు పల్లెల్లో నమ్మేవారు. విరుగుడు కూడా వాళ్ల దగ్గరే ఉండేది. యాష్ చెట్టు మొదలుకి బెజ్జం తొలిచి, ప్రాణంతో ఉన్న చుంచుని అందులో పెట్టి, పైన బిరడా బిగించేవారు. ఆ చెట్టు కొమ్మతో పశువుని నిమిరితే నొప్పి పోతుందట. ప్రకృతి పరిశీలకుడు గిల్బర్ట్ వైట్ 1789లో అచ్చయిన తన పుస్తకంలో, సెల్‌బోర్న్ ఊళ్లో చర్చి పక్కన అలాంటి చెట్టు ఉండేదని రాశాడు. పదమూడో శతాబ్దంలో ష్రూ అని మనిషిని తిడితే దుర్మార్గుడు అని, అదీ ఎక్కువగా మగవాణ్ణి. తర్వాత నోరున్న భార్య అయింది. షేక్‌స్పియర్ 1590ల ప్రాంతంలో నాటకం పేరులో పెట్టేసరికి ఇంకెవరికీ వాడే పని లేకుండా పోయింది.

పిల్లలకి నేను తప్పకుండా చూపించే విషయం ఇంకోటి ఉంది. ష్రూ నుంచే 'ష్రూడ్' వచ్చింది. దాని మొదటి అర్థం కూడా దుర్మార్గమే. అది మాత్రం మెల్లమెల్లగా పైకెక్కి చురుకైన, లోకజ్ఞానం గల అనే అర్థానికి చేరింది. వ్యాపారిని, రాజకీయ నాయకుణ్ణి ష్రూడ్ అంటే ఈ రోజు మెచ్చుకోలు. ఒకే చెట్టు నుంచి వచ్చిన రెండు మాటల్లో మెచ్చుకోలు ఎవరికి దక్కింది, తిట్టు ఎవరికి మిగిలింది అన్నది బోర్డు మీద పక్కపక్కన రాసి చూపిస్తే క్లాసులో ఆడపిల్లలు ఇంక నోట్సు రాసుకోరు, తలెత్తి చూస్తారు.

స్కోల్డ్ చరిత్ర మరీ ఘోరం. ఆ మాట పాత నార్స్ భాషలో, అంటే స్కాండినేవియా దేశాల పాత భాషలో, కవిని చెప్పే 'స్కాల్డ్' నుంచి వచ్చిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఆ కవులు తిట్టు పద్యాలు కట్టడంలో దిట్టలు. మన తిట్టుకవుల్ని తలుచుకోండి, అర్థమవుతుంది. మగవాడు పద్యంలో తిడితే కవి. ఇంగ్లండులో ఆడది వచనంలో తిడితే నేరస్థురాలు. అక్షరాలా నేరస్థురాలే. 'కామన్ స్కోల్డ్' అనేది చట్టంలో ఒక నేరం. ఇరుగుపొరుగుకి శాంతి లేకుండా నోరు పారేసుకునే స్త్రీ అని దాని నిర్వచనం. పద్దెనిమిదో శతాబ్దపు న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టోన్, చట్టపు లాటిన్‌లో ఈ నేరస్థుల పేరు స్త్రీలింగంలోనే ఉంది కాబట్టి ఇది ఆడవాళ్లకే వర్తిస్తుందని స్పష్టంగా రాశాడు. అంటే మగవాడు ఎంత అరిచినా ఈ నేరం కిందికి రాడు.

శిక్ష ఏమిటంటే, పొడవాటి దూలం చివర కుర్చీ బిగించి, ఆ స్త్రీని అందులో కట్టేసి, ఊరేగించి, చెరువులోనో నదిలోనో ముంచడం. దాన్ని డకింగ్ స్టూల్ అంటారు. ఇంగ్లండులో లెమ్‌స్టర్ ఊరి ప్రయరీ (పాత మఠం) చర్చిలో అలాంటిది ఇప్పటికీ ఉంది. మా అమ్మాయి ఆ దేశంలో ఉండడం వల్ల ఒకసారి వెళ్లి చూశాను. చక్రాల మీద నిలబెట్టిన దూలం, దాని కొసన మామూలు చెక్క కుర్చీ. మనిషి కూర్చునే కుర్చీ కాబట్టే చూడలేకపోయాను. 1809లో జెన్నీ పైప్స్ అనే ఆవిడని ఆ కుర్చీలో ఊరంతా తిప్పి నీళ్లలో ముంచారు. ఇంగ్లండులో ఈ శిక్ష అమలైన చివరి సందర్భంగా దాన్ని చెబుతారు. 1817లో సారా లీక్ అనే మరో స్త్రీని కూడా తిప్పారు కానీ నీళ్లు తక్కువగా ఉండడంతో ముంచలేకపోయారు.

కొన్ని ఊళ్లలో నీళ్ల బదులు ఇనుము వాడారు. తల చుట్టూ ఇనుప చట్రం బిగించి, దాని ముందు పలకని నోట్లోకి దూర్చి నాలుకని అదిమిపెట్టేవారు. స్కాట్లండులో 1567 నాటికే ఇది ఉంది. థేమ్స్ ఒడ్డున వాల్టన్ చర్చికి చేరిన అలాంటి చట్రం మీద 1633 సంవత్సరం, పక్కన ఊరికే వాగే ఆడవాళ్ల నాలుకలకి ఇది కళ్లెం అని అర్థం వచ్చే ప్రాసపద్యం చెక్కారు. పద్యం రాసే తీరిక ఉంది చూడండి వాళ్లకి.

ఈ చట్టం అమెరికాకీ వెళ్లింది. 1829లో వాషింగ్టన్‌లో ఆన్ రాయల్ అనే పత్రికా రచయిత్రి మీద ఇదే నేరం మోపారు. అప్పటికి ఆవిడకి అరవై ఏళ్లు. కోర్టు నీళ్లలో ముంచమనలేదు కానీ దోషి అని తేల్చి పది డాలర్ల జరిమానా వేసింది. ఇంగ్లండులో ఈ నేరాన్ని చట్టం నుంచి తీసేసింది 1967లో. న్యూజెర్సీ కోర్టు ఒకటి ఇది చచ్చిన చట్టం అని 1972లో తీర్పు చెప్పింది. అవి మన అమ్మలు, అమ్మమ్మలు బతికున్న రోజులే.

అందుకే మీ నాటకంలో ఎవరైనా ఒక స్త్రీని స్కోల్డ్ అంటే అది ఉత్త విసుగు అనుకోకండి. వెనక మేజిస్ట్రేటు ఉన్నాడు, చెరువు ఉంది. వేశ్య అన్న మాట విషయంలో సంగతి దీనికి తలకిందులు. ఇంగ్లీషు మామూలు కోర్టుల్లో, తనని అలా తిట్టారని స్త్రీ దావా వేస్తే, దానివల్ల డబ్బు నష్టం జరిగిందని రుజువు చేస్తేనే కేసు నిలిచేది. లండన్ నగరానికి మాత్రం ఆచారం వల్ల మినహాయింపు ఉండేది. మిగతావాళ్లు చర్చి కోర్టులకి వెళ్లేవారు. అక్కడ గెలిస్తే తిట్టిన మనిషి బహిరంగంగా తప్పు ఒప్పుకోవాలి, అంతే, డబ్బు రాదు. 1855లో చర్చి కోర్టులకి ఆ అధికారం కూడా పోయింది. 1891లో ప్రత్యేక చట్టం చేసేదాకా ఆడవాళ్లకి సరైన దారే లేదు. ఆడది తిడితే నేరం, ఆడదాన్ని తిడితే మాత్రం నష్టం లెక్కచూపాలి. రెండు మాటల తూకంలో తేడా అదీ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టర్మగెంట్ నిజానికి ఒక దేవుడి పేరు, లేని దేవుడు. ముస్లింలు కొలిచే దేవుడని మధ్యయుగపు యూరప్ కవులు ఏమీ తెలియక కల్పించుకున్నారు. రంగస్థలం మీద ఆ పాత్ర పొడుగు అంగీ వేసుకుని ఊగిపోతూ అరిచేది. షేక్‌స్పియర్ నాటకంలో ఫాల్‌స్టాఫ్ ఒక స్కాట్లండు వీరుణ్ణి టర్మగెంట్ అంటాడు, మెచ్చుకోలుగా కాకపోయినా మగవాణ్ణే. పదిహేడో శతాబ్దంలో అది అరిచే ఆడదైంది. విరాగో లాటిన్ మాట, 'విర్' అంటే పురుషుడు. లాటిన్ బైబిల్లో ఆదాము తన పక్కటెముక నుంచి వచ్చిన స్త్రీకి పెట్టిన పేరు ఇదే. వీరనారి అనే అర్థం నుంచి నోటిదురుసు మనిషి దాకా జారింది. 1973లో లండన్‌లో స్త్రీల రచనల కోసం పెట్టిన ప్రచురణ సంస్థ ఆ పేరునే ఎంచుకుని తలెత్తి నిలబెట్టింది. జేడ్ అంటే ముసలి గుర్రం. హారిడన్ కూడా బక్కచిక్కిన గుర్రానికి ఫ్రెంచిలో ఉన్న మాట నుంచి వచ్చిందనే అంటారు. క్రోన్ పీనుగు అనే మాట నుంచి వచ్చింది. వయసు మళ్లిన ఆడమనిషికి వాళ్లకి దొరికిన పోలికలు ఇవి.

గాసిప్ గురించి మాత్రం ఒక్క మాట ఎక్కువ చెబుతాను. అది 'గాడ్ సిబ్', బిడ్డకి జ్ఞానస్నానంలో తల్లిగానో తండ్రిగానో నిలబడే చుట్టం. పురుడు వచ్చిన ఇంటికి సాయం వెళ్లే ఆడవాళ్లకి ఆ పేరు స్థిరపడింది. ఆ గదిలోకి మగవాళ్లకి ప్రవేశం లేదు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో తెలియని మగవాళ్లు ఆ మాటలకే ఆ పేరు పెట్టారు, పనికిమాలిన కబుర్లు అని. మన 'అమ్మలక్కలు' కూడా అమ్మ, అక్క అనే రెండు చుట్టరికాలతో కట్టిన మాటే. అందుకే గాసిప్‌కి అమ్మలక్క అని రాస్తే అర్థంతో పాటు పుట్టుక కూడా తెలుగులోకి వచ్చేస్తుంది. ఇంత చక్కగా కుదిరేవి అరుదు, వదులుకోకండి.

ఇక మీ అనువాదం. ఏ మాటకైనా ముందు చూడాల్సింది ఎవరు ఎవర్ని అంటున్నారు, నాటకం ఏ ఏడాదిది అని. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో ప్రతి అర్థానికీ అది మొదట దొరికిన సంవత్సరం ఇస్తారు, దాన్ని పక్కన పెట్టుకోండి. హస్సీ అని తండ్రి కూతుర్ని అంటే 'సిగ్గులేనిదానా' చాలు, అంతకన్నా దిగకండి. జేడ్ అని నవ్వుతూ అంటే 'టక్కులాడి'. టర్మగెంట్ 'గయ్యాళి'. స్కోల్డ్ అని పంచాయితీలోనో కోర్టులోనో అంటే 'నోటిదురుసుది' అని, వీలుంటే శిక్ష ఊసు కూడా వినిపించేలా రాయండి. హార్లట్ పద్దెనిమిదో శతాబ్దానికి నిజంగానే 'వేశ్య'.

వెంచ్‌ని మాత్రం దయచేసి మీరు పెట్టిన 'కులట' నుంచి తప్పించండి. షేక్‌స్పియర్, ఫ్లెచర్ కలిసి రాసిన ఎనిమిదో హెన్రీ నాటకంలో రాణి కేథరిన్, భర్త వదిలేయబోతున్న రోజుల్లో, పక్కనున్న పరిచారికతో 'నీ వీణ తీసుకో, వెంచ్, మనసు దిగులుగా ఉంది' అంటుంది. తర్వాత చావుకి దగ్గరైనప్పుడు, తను పోయాక తనని గౌరవంగా సాగనంపమని అడుగుతూ పేషెన్స్ అనే పిల్లని 'గుడ్ వెంచ్' అని పిలుస్తుంది. మొదటిచోట నేనైతే 'పిల్లా' అని రాస్తాను. రెండోచోట 'తల్లీ' అని.